వడ్లగింజంత దారం

చెల్లెలి నిశ్చితార్థానికి ఉంగరం కొలత తీసింది నేనే. మా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని ఉంగరం కొనడానికి తీసుకెళ్ళరు. వేలికి దారం చుట్టి, ఆ మేరకు కత్తిరించి మగపెళ్ళివారికి పంపుతారు.

ఆ పొద్దున అది ఫోన్‌లో తనకు రాబోయే ఉంగరం చూపించింది. కోడిగుడ్డు ఆకారంలో ఒంటి వజ్రం. ఓవల్ అంటారట. నా పెళ్ళికి మా అత్తగారు పెట్టింది రాయి లేని ఉంగరం, అదీ ఆవిడ పాతది కరిగించి చేయించింది.

"నీకిట్టాంటిది పెట్టాల్సిందక్కా. పొట్టి ఏళ్ళు గూడా పొడుగ్గా కనపడతయ్యంట," అంది నవ్వుతూ.

ఒళ్ళు మండింది. దాని వేలికి దారం కొలిచి, వంటింట్లోకి వెళ్ళి, అందులోంచి వడ్లగింజంత ముక్క కత్తిరించి పారేశాను. మిగిలింది కాగితంలో మడిచి పంపాను.

నరసరావుపేట ఫంక్షన్ హాల్లో, అందరి ముందూ, ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. పెళ్ళికొడుకు తోశాడు. సబ్బునీళ్ళు తెచ్చారు. వేలు కందిపోయింది. అబద్ధమెందుకు, నాకు చాలా బాగుంది. చివరికి చిటికెన వేలికి తొడిగి ఫోటోలు తీశారు.

"కాస్త సాగదీయిద్దాం వదినగారూ," అంది అమ్మ.

"రాయి కదులుద్దండీ. పెళ్ళికింకా మూడు నెలలుందిగా, పిల్లే తగ్గుద్దిలే," అంది పెళ్ళికొడుకు తల్లి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మూడు నెలలూ చెల్లెలు పొద్దున ఒక ఇడ్లీతో, రాత్రి గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంది. "ఏమే, ఏలు తగ్గిందా?" అని రోజూ అడిగేదాన్ని. నిజం చెప్పేస్తే ఒక్క మాటతో పోయేది. చెప్పలేదు. పెళ్ళినాటికి ఉంగరం దిగింది.

తిండంటే భయం మాత్రం పెళ్ళితో పోలేదు. మొన్న మా ఇంటికొచ్చింది. చెంపలు లోపలికి పోయాయి, జుట్టు సగం రాలింది. తినమని డాక్టరు తిడుతున్నాడట. కంచం ముందు కూర్చుంటే ఆ హాల్లో నవ్వులే వినపడతాయట. ఉంగరం జారిపోతుందేమోనని వేలు ముడుచుకునే తిరుగుతోంది.

"అక్కా, కాస్త దారం ఇయ్యవా. ఉంగరానికి చుట్టుకుంటా."

ఆనాటి దారపు ఉండనే తెచ్చాను. దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేనే చుట్టాను. సిగ్గేసింది. వేలు పుల్లలా ఉంది.

"అప్పుడు నా ఏలే లావుగా ఉండేదక్కా. నువ్వు కొలత సరిగ్గానే తీశావు," అంది.

"సరిగ్గానే తీశానే," అన్నాను, ముడి బిగిస్తూ.