మొగులు తియ్యమని అడిగిన

మంచుకొండ మీది ఆర్మీ పోస్టుకు చేరేసరికి పొద్దు వాలింది. ముంగట నడిచేటోని నడుముకు, నా నడుముకు ఒక్కటే తాడు. నాలుగడుగులు వేస్తే ఆగాలె, ఊపిరి తీసుకోవాలె. మాది సిద్దిపేట జిల్లా, ధూళిమిట్ట దిక్కు పల్లె. అప్పటిదాక నేను చూసిన తెలుపంటే పత్తి చేనే. గీడ మొత్తం మంచే. సన్నటి గట్టు, రెండు దిక్కుల లోయ, గట్టు మీద రెండు ఫైబర్ గుడిసెలు. లోపల కిరసనాయిలు పొయ్యి, గోడలకు దాని మసి.

పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. పహాడీ మనిషి, మా బాపు ఈడుంటది. మొదలు నా పేరు అడుగలే.

"బూట్లు ఇప్పు" అన్నడు.

మోకాళ్ల మీద కూసొని నా కాళ్లు చేతులకు తీసుకున్నడు. ఒక్కొక్క వేలు ఒత్తి చూసిండు, చలికి ఎక్కడన్న నల్లవడ్డదా అని.

"రోజూ చూపియ్యాలె. సిగ్గువడ్డోడు వేళ్లు పోగొట్టుకుంటడు."

మా చర్చిల శుభశుక్రవారం ముందటి రోజు అయ్యగారు పెద్దమనుషుల కాళ్లు కడుగుతడు. అది ఏడాదికి ఒక్కసారి. ఈయన అందరి కాళ్లు రోజూ చూస్తడు. అన్నం అందరికన్న ఆఖర్ల తింటడు. గాలి ఎక్కువున్నప్పటి సెంట్రీ డ్యూటీ తానే తీసుకుంటడు. ఇదంత ఎందుకు చేస్తున్నడో ఎన్నడూ చెప్పలే.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది నాందేడ్. ఆయన భార్యది నిజామాబాద్, అందుకే తెలుగొచ్చు. ఆ మంచుల నాతోని తెలుగు మాట్లాడింది ఆయనొక్కడే. పొద్దుగాల నేను ప్రార్థన చేసుకుంటుంటే "నా పేరు గూడ చెప్పినవా?" అని అడిగేటోడు. చెప్పిన అంటే నవ్వేటోడు.

మంచు తుఫాను మొదలైన రోజు ఆయనకు దగ్గు లేసింది. తెల్లారేసరికి దగ్గితే పడే నురుగుల ఎరుపు కనవడ్డది. నర్సింగ్ అసిస్టెంట్ వీపు మీద చెవి పెట్టి ఇన్నడు.

"ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరినయ్ సాబ్. కిందికి దించాలె. ఈడ నా చేతుల ఏం లేదు."

ఆక్సిజన్ పెట్టిన్రు. పండుకుంటే ఊపిరాడతలేదు, గోడకు ఆనిచ్చి కూసోవెట్టిన్రు. వైర్‌లెస్ నా చేతికొచ్చింది.

"బేస్, ఇది పై పోస్టు. హెలికాప్టర్ గావాలె. ఓవర్."

"పై పోస్టు, మబ్బు కమ్మింది, ఈడ ఏం కనవడ్తలేదు. పైలట్లు తయారుగున్నరు. మొగులు తేలాలె. ఓవర్."

గంటకోసారి పిలిచిన. గంటకోసారి గదే మాట. నడుమ నడుమ బయటికి పోయి, హెలికాప్టర్ దిగే జాగల మంచును బూట్లతోని తొక్కి గట్టి చేసినం. ఎనుకకు తిరిగేసరికి మళ్ల నిండేది.

"సాబ్, మోసుకపోతం" అన్న నేను. అందరం అదే అన్నం.

సుబేదార్ సాబ్ నడుముకు తాడు కట్టుకొని తానే బయటికి పోయిండు. కిందికి దిగే తొవ్వ మీద కొత్త మంచు ఎంత పడ్డదో కర్ర గుచ్చి చూసి వచ్చిండు. మీసాలు గడ్డకట్టినయ్.

"మీరు మోస్తరు, నాకు తెలుసు. ఆ మంచు మిమ్ముల మొయ్యదు. కాలు పెడితే మొత్తం జారుతది. ఎవ్వరిని పంప."

నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఆయన పోయి ఆపరేటర్ పక్కకు కూసున్నడు. ఆపరేటర్ కాళ్లు తన అంగీ లోపల, పొట్టకు ఆనిచ్చుకున్నడు. సాబ్ ఆ పక్కనుంచి మళ్ల లేవలే.

పగటిపూట ఆపరేటర్ నన్ను పిలిచిండు. ఒక్కొక్క మాటకు ఆగుతున్నడు.

"నీ యేసయ్యను అడుగు. ఆ మొగులు తియ్యమను."

నేను మోకరించి గట్టిగనే అడిగిన. తెలుగుల అడిగిన. సుబేదార్ సాబ్ టోపీ తీసి తల వంచిండు. నేను లేసి తలుపు తెరిచి చూస్తే చెయ్యి చాపినంత దూరం గూడ కనవడ్తలేదు.

"అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

ఆపరేటర్ చెయ్యి పట్టుకున్న. సాబ్ నా దిక్కు చూసి, "నువ్వు అడుగుడు ఆపకు. బేస్‌ను గూడ పిలువు" అన్నడు.

పిలిచిన. మొగులు తేలలే అన్నరు. ఆ జవాబు వచ్చేటప్పటికే ఆపరేటర్ ఊపిరి ఆగింది. నర్సింగ్ అసిస్టెంట్ ఇంకా ఛాతీ ఒత్తుతనే ఉన్నడు. సాబే ఆయన చేతులు పట్టి ఆపిండు.

తెల్లారి ఆకాశం కడిగినట్టున్నది. ఒక్క మొగులు ముక్క లేదు.

పోస్టు దిగినంక కొన్నేండ్లకు నౌకరీ అయిపోయింది, ఇంటికొచ్చిన. ఇప్పుడు గజ్వేల్ల కూరగాయల ఆటో నడుపుత. వచ్చిన కొత్తల ఆదివారం అయ్యగారు నన్ను ముందుకు పిలిచి "దేవుడు నిన్నెట్ల కాపాడిండో సాక్ష్యం చెప్పు" అన్నడు. నేను ఉన్నదున్నట్టు చెప్పిన. మొగులు తియ్యమని అడిగిన, తియ్యలే అన్న. ఎనుకనుంచి ఎవరో "స్తోత్రం" అనవోయి ఆగిన్రు. అయ్యగారు "నాకు గూడ తెల్వదు బిడ్డా" అన్నడు. ఆ మాట నాకు బైబిల్ వాక్యం కన్న ఎక్కువ ఆసరైంది.

ఆ దినం చర్చి నుంచి ఇంటికొచ్చినంక అవ్వ అడిగింది: "ఆ పిలగాని తల్లి ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

అప్పటిసంది అవ్వ ప్రార్థనల "నాందేడ్ల ఉన్న ఆ తల్లి" అని ఒక మాట చేరింది.

యూత్ మీటింగుల ఒక పిలగాడు అడిగిండు: "సుబేదార్ పోనిస్తే బతికేటోడేమో గదన్నా?"

"ఏమో. మేమందరం పోయేటోళ్లమేమో. నాకు తెల్వదు తమ్మీ" అన్న. ఇప్పటికీ గంతే.

ఒక్కటి మాత్రం చర్చిల చెప్పలే. ఆ తెల్లారి వచ్చిన హెలికాప్టర్ చిన్నది, పైలట్ల ఎనుక ఒక్క మనిషికే జాగ. ఆపరేటర్ కూసున్నట్టే గడ్డకట్టిండు. ఆయన కాళ్లు సాపుదమంటే మాకు రాలే. అట్లనే ఎత్తి సీట్ల కూసోవెట్టినం. పంకా గాలికి మంచు లేసి కండ్లల్ల పడుతున్నది. సుబేదార్ సాబ్ లోపలికి వంగి బెల్టు పెట్టిండు. బిగువైందా అని వేలు దూర్చి చూసి, కొంచెం వదులు చేసిండు.