ఆపేసిన మెషిన్ పలికింది

నమ్మకపోతే నమ్మకండి. నా కొడుకు మీద ఒట్టు వెయ్యమని మాత్రం అడగకండి... వాడి పేరు ఇందులోకి తేవాలంటేనే భయం. జరిగింది జరిగినట్టే చెప్తున్నాను.

జనగామలో మా ఇల్లు. మా ఆయన భూపాలపల్లి గనిలో, రాత్రి షిఫ్టు. ఇంట్లో నేను, చంటివాడు, అత్తమ్మ. కాన్పు సెలవు అయిపోగానే కంపెనీవాళ్లు పరీక్ష పెట్టారు. తెల్లారేసరికి వర్చువల్ మెషిన్‌కీ, దాన్ని మోసే లాప్‌టాప్‌కీ మాట కలపాలి. లేదంటే ఉద్యోగం లేదు. వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. బయటి నుంచి "ఉన్నావా" అని పిలిస్తే, లోపలిది "ఉన్నాను" అనాలి.

ఎంత పిలిచినా పలకదు. కాలితో చీర తొట్టెల ఊపుతూ టైపు చేస్తున్నాను. విసుగొచ్చి లోపలి మెషిన్‌ని ఆపేశాను. బయటి నుంచి పదేపదే వెళ్తున్న పిలుపు ఆపడం మరిచిపోయాను.

అప్పుడు... జవాబొచ్చింది.

తెర మీద ఒక వరుస. ఆగి... ఇంకో వరుస. దూలం మీద తాడు కిర్రుమన్నప్పుడల్లా ఒకటి. కిర్ర్... జవాబు. కిర్ర్... జవాబు. వైఫై తీసేశాను. మెషిన్ ఆగే ఉంది. కాలు ఆపాను. జవాబూ ఆగింది. మళ్లీ ఊపాను...

"ఏందే! ఖాళీ తొట్టెల ఊపుతున్నవ్?"

తలుపు దగ్గర అత్తమ్మ. బాబు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు.

"పోరడు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లుతుంటె నేనే ఎత్తుకపోయిన. నీకు గా డబ్బా తప్ప ఏం కనవడ్తది?"

తొట్టెల వైపు చూశాను. చీర... బరువుగా కిందికి సాగి ఉంది.

అత్తమ్మ కూడా చూసింది. గొంతు మారింది.

"గిదే దూలం... ఎనభైల నా పెద్దకొడుకును గిట్లనే పండవెట్టిన. జరమొస్తె వరంగల్ దవాఖానకు పోదామంటె బస్సు దొరకలే..."

పిలిస్తే, ఆపేసిన మెషిన్ తొట్టెల ఊపుకి పలుకుతోందని చెప్పాను. మెల్లగా అంది.

"ఇంకొక్కపారి పిలువు బిడ్డా."

నేను పిలవలేదు. లాప్‌టాప్ మూసేసి, బాబును లాక్కుని గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

పొద్దున కంపెనీవాళ్ల ముందు మెషిన్ ఆన్ చేసి పిలిచాను. ఒక్క జవాబు లేదు. "పిల్లల తల్లివి, ఇంటిపట్టున ఉండరాదమ్మా" అన్నారు. ఉంటున్నాను.

నా సెట్టింగుల తప్పో, నిద్రలేని కళ్లో... ఏమో. అత్తమ్మ నాతో సరిగా మాట్లాడి చాలా రోజులైంది. బాబు నా ఒళ్లో ఉన్నప్పుడు, పక్కగదిలో తాడు కిర్రుమంటుంది. నేను వెళ్లి చూడను.