పరుపుల మేస్త్రి గుర్రు

పరుపుల మేస్త్రి దుకాణంలో బేరమాడే పని పెద్దగా ఉండేది కాదు. వచ్చినవాళ్లు గుమ్మంలోంచి తొంగి చూస్తే, కొత్తగా కుట్టిన పరుపు మీద మేస్త్రి వెల్లకిలా పడి గుర్రు పెట్టి నిద్రపోతూ కనిపించేవాడు. "అదీ పరుపంటే!" అనుకుని, లేపడానికి మొహమాటపడి, ఆయన భార్యకే కొలతలు చెప్పి వెళ్లేవారు.

దిండు సంచిలో దూది కూరడం ఇద్దరు చేసే పని. ఒకరు సంచి మూతి తెరిచి పట్టుకోవాలి, ఇంకొకరు కూరాలి. మూతి ముడుచుకుందా, దూది అక్కడే ఆగిపోతుంది. మూతి పట్టేది ఎప్పుడూ ఆవిడే. "పట్టు, పట్టు, వదలకు" అన్నది మేస్త్రి పాట. ఈమధ్య ఆ పాట సగంలోనే ఆగేది. పిడికిట్లో దూది పిడికిట్లో ఉండగానే ఆయన తల ఆవిడ భుజం మీద వాలేది.

పొద్దున లేస్తే తలనొప్పి, పిడచకట్టిన నోరు. తప్పు పరుపుదే అనుకున్నాడు. పరుపుల మేస్త్రి ఇంకెవరిని అనుమానిస్తాడు? తన పరుపే విప్పి, దూది ఏకి మళ్లీ కుట్టాడు. మెత్తగా ఉందని గట్టిగా, గట్టిగా ఉందని మెత్తగా. దిండు ఎత్తు పెంచితే మెడ పట్టేసింది.

ఒకరోజు మొగుడూ పెళ్లాం డెలివరీ వ్యాన్‌లో వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగారు. పచ్చదీపం వచ్చింది, పోయింది, మళ్లీ ఎర్రదీపం పడింది. వెనక హారన్ల మోత. మేస్త్రి స్టీరింగ్ మీద గడ్డం ఆనించి హాయిగా ఉన్నాడు. ఆవిడ ఆయన్ని తట్టి లేపి, వ్యాను పక్కకు పెట్టించి, తాళంచెవి లాగేసుకుంది.

"ఇక మీరు దీన్ని ముట్టుకోవద్దు."

"కునుకేగా పట్టింది!"

"ఆ కునుకుతోనే ఇద్దరం పైకి పోయేవాళ్లం."

అప్పటినుంచి వ్యాను నడిపేది ఆవిడ తమ్ముడు. డబుల్ పరుపు ఒంటరివాడికి, సింగిల్ పరుపు కొత్త దంపతులకు దింపి వచ్చాడు. "వాళ్లేమీ గొడవ చేయలేదు బావా, నవ్వుకున్నారంతే" అన్నాడు. వ్యాను నడపడమంటే ప్రాణం పెట్టే మేస్త్రికి అది తల కొట్టేసినట్టయింది. తాళంచెవి ఎలాగైనా వెనక్కి రావాలి.

దారి చూపించింది ఈత నేర్పే టీచరమ్మ. పరుపు కొనడానికి వచ్చి, మేస్త్రి గుర్రు వింటూ కూర్చుంది. గుర్రు ఉన్నట్టుండి ఆగింది. పొట్ట ఎగురుతోంది కానీ ఊపిరి చప్పుడు లేదు. ఆమె లేచి నిలబడింది. అంతలో మేస్త్రి ఎక్కిళ్లు పెట్టినట్టు గాలి పీల్చుకుని, మళ్లీ మొదలెట్టాడు.

"ఏమండీ, ఈయన ఎప్పుడూ ఇంతేనా?"

"రోజూ ఇంతే. పడుకుంటే గుర్రే, అదృష్టవంతుడు" అంది ఆవిడ.

"అదృష్టమా! మా పిల్లలు నీళ్లలో ఇంతసేపు ఊపిరి బిగబడితే నేను బట్టలతోనే దూకేస్తాను. డాక్టరుకి చూపించండి."

నిద్రలో పరీక్ష జరిగింది. వేలికి ఒకటి, ముక్కుకు ఒకటి, ఛాతీకి ఒకటి తీగలు కట్టించుకుని పడుకున్నాడు. ఫలితం చూసి డాక్టరు చెప్పాడు: స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. మెదడు తట్టి లేపుతుంది. ఇది రాత్రంతా సాగుతుంది, పొద్దున లేచాక గుర్తుండదు.

"గుర్రు పెట్టి నిద్రపోయాడంటే గాఢనిద్ర అనేగా, డాక్టరు బాబూ?"

"మాట అలా పుట్టింది మేస్త్రిగారూ. మీ గొంతు మాత్రం మాట వినట్లేదు."

మేస్త్రికి ఒక్కసారిగా బోధపడింది. "అంటే సంచి మూతి ముడుచుకుపోతోంది, పట్టేవాళ్లు లేరు!"

చికిత్సలకేం కొదవ లేదన్నాడు డాక్టరు. బరువు తగ్గడం, పడుకునే ముందు మద్యం జోలికి పోకపోవడం, పక్కకి తిరిగి పడుకోవడం. కింది దవడను కాస్త ముందుకు జరిపి ఉంచే పళ్ల తొడుగు కొందరికి సరిపోతుంది. కొందరికి ఆపరేషన్ కావాలి. "మీకు మాత్రం తీవ్రంగా ఉంది. ముక్కుకు మాస్క్ పెట్టుకుని, ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం వాడాలి. ఆ గాలే దారి మూసుకోకుండా చూస్తుంది. బరువు తగ్గడం దానికి తోడు. నేను సరేననేదాకా బండి వద్దు."

మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? వెల్లకిలా తిరగకుండా బనియన్ వీపున దూది బంతి కుట్టుకున్నాడు. బావమరిది చూసి పడీపడీ నవ్వాడు. "బావా, ఒంటెకి తమ్ముడివయ్యావు!"

మాస్క్ మొదట్లో నరకం. గాలి పక్కనుంచి కారి కళ్లలోకి కొట్టేది. పీకి పారేసి, పొద్దున్నే తలనొప్పితో లేచేవాడు. ఆవిడ యంత్రాన్ని చంకన పెట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వెళ్లింది. వేరే సైజు మాస్క్ ఇచ్చి, పట్టీ బిగింపు సర్దారు. గొట్టం చల్లగా తగులుతోందని మేస్త్రి దానికి పూలగుడ్డతో తొడుగు కుట్టాడు. ఆ తర్వాత యంత్రాన్ని "మా రెండో మూతిపట్టు" అని పిలవడం మొదలుపెట్టాడు.

తలనొప్పి పోయింది. దూది కూరేటప్పుడు పాట చివరిదాకా సాగింది. దుకాణంలో మాత్రం చిక్కొచ్చింది. "మేస్త్రి కునుకు తీయట్లేదేమిటి, పరుపు నాణ్యత తగ్గిందా?" అని పాత ఖాతాదారులు అడిగారు. బావమరిదిని పడుకోబెట్టి చూపించాల్సి వచ్చింది.

యంత్రం నమోదుచేసిన లెక్కలు చూసి, పగలు కునుకు రావడం లేదని రూఢి చేసుకుని, డాక్టరు సరేనన్నాడు. ఆవిడ మాత్రం వెంటనే ఇవ్వలేదు. పక్క సీట్లో ఎక్కి కూర్చుని, అప్పుడు చేతిసంచిలోంచి తాళంచెవి తీసింది.

"నేను చూస్తూనే ఉంటాను."

"చూడు, చూడు, వదలకు" అన్నాడు మేస్త్రి.

అదే సిగ్నల్. ఎర్రదీపం. టీచరమ్మ చెప్పిన రోజునుంచీ మొగుడి ఊపిరి ఆగిందా, వచ్చిందా అని చెవులు రిక్కించుకుని పడుకున్న మనిషి, ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మేస్త్రి ఓ క్షణం చెవొగ్గాడు. ఊపిరి సన్నగా, సాఫీగా ఆడుతోంది. పచ్చదీపం పడింది. ఆవిడ తల కదలకుండా, మెల్లగా వ్యాను కదిలించాడు.