బెంచీ కోసం జైలు

గల్ఫులో, అల్ ఘర్రాఫా అనే చోట ఒక దక్షిణాఫ్రికా కుటుంబానికి నేను కారు నడుపుతున్నాను. పోయిన చలికాలం మా సారు వాళ్ళమ్మ డర్బన్ నుంచి వచ్చింది. ఆమె ముత్తాతలు ఎప్పుడో చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి పోయిన తెలుగువాళ్ళు. అందుకని ఆమె నాతో తెలుగులోనే మాట్లాడేది.

ఒక సాయంత్రం ఆమెను లుసైల్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాను. ఆమె నీళ్ళకు దగ్గరగా ఉన్న బెంచీ చూసుకుని కూర్చుంది.

"ఇట్లాంటి బెంచీ కోసం నేను జైలుకు పోయినాను నాయనా" అంది.

నాకు నోరు ఆగదు. "దొంగతనం చేసినారా అమ్మా?" అని అడిగేశాను.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అప్పట్లో వాళ్ళ ఊళ్ళో సముద్రం ఒడ్డున బెంచీలు తెల్లవాళ్ళకు మాత్రమేనట. పాతికేళ్ళ వయసులో స్నేహితురాళ్ళతో కలిసి కావాలనే వాటిమీద కూర్చుందట. పోలీసులు లాక్కెళ్తే జైల్లో కూడా పాటలు పాడుకున్నారట.

"నువ్వూ కూర్చో" అంది.

డ్రైవర్లం ఇంటివాళ్ళ పక్కన కూర్చోము, కారు దగ్గరే నిలబడతాం. మొహమాటపడుతూ బెంచీ అంచున ఆనీ ఆనకుండా కూర్చున్నాను.

"కొసన కూర్చునేదానికా మేము జైలుకు పోయింది? బాగా వెనక్కి ఆనుకో" అని కసిరింది. ఆనుకున్నాను. గాలి హాయిగా ఉంది.

ఇప్పుడు సెలవు రోజున తోటి డ్రైవర్లతో అక్కడికి వెళ్తుంటాను. ఎవడైనా అంచున కూర్చుంటే కసిరేది నేనే.

"ఆనుకోరా. దీనికి జైలుశిక్ష మన డర్బన్ పెద్దమ్మ ఎప్పుడో అనుభవించేసింది."