కుడివైపు కిటికీ

ప్రత్తిపాడులో మిరప పండించే మా వదిన, చెన్నై విమానం అనగానే ఒకటే పట్టు పట్టింది. కుడివైపు కిటికీ కావాలి, రెక్క అడ్డం రాకూడదు. ఊరు అటువైపే వస్తుందని నేనే చెప్పాను. కల్లాల్లో కాయలు ఎండబోసిన రోజులవి.

తీరా ఎక్కితే ఆ సీట్లో ఎవరో ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"కాసేపటి ప్రయాణమేగా, సర్దుకోండమ్మా."

"సర్దుకోనండీ. మా కల్లం చూసుకోవాలి," అంది వదిన. ఆయన లేచాడు.

గుంటూరు దాటాక చేల మధ్య ఎక్కడ చూసినా ఎర్రటి కల్లాలే. మాది ఏదో నాకు అంతుచిక్కలేదు. వదిన అద్దానికి నుదురు ఆనించి వెతుకుతూనే ఉంది. మబ్బులు కమ్మేశాక ఇటు తిరిగింది.

"కనబళ్ళేదు. వచ్చేటప్పుడు ఎడంపక్క తీసుకో."