మూత మీది బొట్టు

నా మోటార్ సైకిల్‌కు ఇరవై ఏడేళ్లు. చిక్కడపల్లిలో మా సందులో దానికంటే పాతవి మూడే ఉన్నాయి: మా ఇల్లు, కింది వాటాలో అద్దెకుండే రిటైర్డ్ ఇంజనీరు గారు, నేను. దాన్ని అమ్మేయమని మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఆవిడ అడిగినప్పుడల్లా నాది ఒకటే జవాబు. ఇప్పటి బండ్లలో ఏముంది, అంతా ప్లాస్టిక్కు, వైర్లు. దీనికి కార్బొరేటర్ ఉంది. మనిషన్నవాడు విప్పి, చూసి, బాగుచేసుకోగలడు.

నిజం చెప్పాలంటే ఆ కార్బొరేటర్‌ను నేను ఏనాడూ విప్పలేదు. మెకానిక్ విప్పుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను. ఇరవై ఏడేళ్లు చూశాక ఎవరికైనా తనకూ వచ్చనే అనిపిస్తుంది.

కిందటి వేసవిలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. ఇంటి ముందు మొదటి కిక్కుకే లేచేది. రెండు మూడు కిలోమీటర్లు బుద్ధిగా నడిచేది. ఆ తర్వాత పెట్రోలు అందనట్టు రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయేది. ఓ పది నిమిషాలు నిలబెడితే మళ్లీ లేచి, కాస్త దూరం వెళ్లి మళ్లీ చతికిలబడేది. నేను ఆఫీసుకు దోమలగూడ దాకా వెళితే ఏ బాధా లేదు. అంతకు మించి ఎటు బయలుదేరినా సగం దారి నడిపేది, సగం దారి తోసేది.

ఆగిపోయిన బండి పక్కన నిలబడితే ఈ ఊళ్లో వైద్యులకు కొదవ లేదు. ప్లగ్ పోయిందని టీ కొట్టు దగ్గర ఒకాయన తేల్చాడు. ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుపుతున్నారనీ, అది గాల్లో తేమ పీల్చి నీళ్లవుతుందనీ కింది వాటా ఇంజనీరు గారు మెట్ల మీద నిలబెట్టి నలభై నిమిషాలు బోధించారు. ఆయన ముప్పై ఏళ్లు కట్టించినవి నీళ్ల ట్యాంకులు. అయినా ఇంజనీరు ఇంజనీరే కదా అని నేనూ తలూపాను. బంకులో పెట్రోలు పోయించుకోగానే బండి చక్కగా నడవడం గమనించి, దీనికి తాజా పెట్రోలు మీదే మనసని నేను సొంతంగా ఒక సిద్ధాంతం చేశాను. పోయించాలంటే ట్యాంకు మూత తియ్యాలన్న చిన్న సంగతి మాత్రం నా సిద్ధాంతంలో లేదు.

నారాయణగూడ మార్కెట్ వెనకాల నా మెకానిక్ షెడ్డు. అతను నాలుగుసార్లు ఒకే పని చేశాడు. ముందు మూత తీసి ట్యాంకులోకి తొంగిచూసేవాడు. మూత పెట్టి కార్బొరేటర్ విప్పేవాడు. పెట్రోలు వచ్చే జెట్ రంధ్రంలోంచి సన్నని తీగ దూర్చి, నోటితో ఊది, పెట్రోలుతో కడిగి బిగించేవాడు. కిక్ కొడితే బండి లేచేది. సందు చివరి దాకా ఒక చక్కరు కొట్టి వచ్చి, కచరా ఉండె సార్, సాఫ్ అయింది, ఇగ ఫికర్ లేదు అనేవాడు. నేను నాలుగుసార్లూ నమ్మాను.

మూడోసారి మాత్రం మూత మీది మట్టిని గుడ్డతో గట్టిగా తుడవబోయాడు. నేను స్టూలు మీంచి లేచి చెయ్యి పట్టుకున్నాను. అది మట్టి కాదు, బొట్టు.

ఆ బొట్టు గురించి చెప్పాలి. ప్రతి దసరాకూ అందరూ బండికి పూజ చేస్తారు. మర్నాటికి వాన వస్తుంది, బొట్టు పోతుంది, ఎవరూ పట్టించుకోరు. నాకది నచ్చదు. చేసే పని నిలవాలి. గంధంలో కుంకుమ, నాలుగు చుక్కల నువ్వుల నూనె కలిపి గట్టి ముద్ద చేసి, హెడ్‌లైటుకు ఒకటి, ట్యాంకు మూతకు ఒకటి అద్దేవాణ్ని. బండి కడిగేటప్పుడు దాని చుట్టూ కడిగేవాణ్ని. చెరపడం అరిష్టం. పాత బొట్టు మీదే కొత్త బొట్టు. అలా ఏళ్ల తరబడి పేరుకుని, తాళం రంధ్రం ఒక్కటి వదిలి మూతంతా అప్పచ్చిలా గట్టిపడింది. మా సందులో అంత భక్తి గల బండి ఇంకోటి లేదు.

ఇక మేడ మీది అమ్మాయి సంగతి. మా డాబా మీద ఒక గది ఉంది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని అది ఒక్క నెల కూడా ఖాళీగా ఉండదు. మూడేళ్లుగా అందులో కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉంటోంది. ముప్పై దాటిన మనిషి. ప్రైవేటు స్కూల్లో టీచరు పని మానుకుని గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది. వాళ్లమ్మ ఊళ్లో కిరాణా దుకాణం నడుపుతుంది. ఈ అమ్మాయి రాయాల్సిన పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది. ఆ రెండుసార్లూ నేను డాబా మీదికి వెళ్లి, బట్టలు ఆరేసుకుంటున్న మనిషికి పట్టుదల గురించీ క్రమశిక్షణ గురించీ ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. నేను ఉద్యోగంలో చేరింది మా మేనమామ సిఫారసుతో.

చివరికి పరీక్ష ఖాయమైంది. ఒక ఆదివారం పొద్దున, సెంటర్ కాచిగూడ అవతల ఒక కాలేజీ. తొమ్మిదీ ముప్పావుకు గేటు మూస్తారు, ఆ తర్వాత నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. ఎనిమిదింటికే ఆటోలో వెళ్లిపోతానని ఆ అమ్మాయి మా ఆవిడతో చెబుతుంటే నేను విన్నాను. అంతకు ముందు రోజే మెకానిక్ నాలుగోసారి ఫికర్ లేదన్నాడు. ఆటో ఎందుకమ్మా, మన బండి ఉండగా, పావుగంటలో దింపుతాను, తొమ్మిదింటికి బయలుదేరితే బోలెడు టైమ్ అన్నాను. ఆ పిల్ల పరీక్షతో మీ బండిని పరీక్షించకండి అని మా ఆవిడ అంది. ఆ మాటతో నాకు పంతం వచ్చింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ అమ్మాయి ఇంటి ఓనరు మాట తీసెయ్యలేక సరే అంకుల్ అంది.

జాగ్రత్త కోసం ముందే బంకుకు వెళ్లి ట్యాంకు మెడ దాకా నింపించాను. లోపల గాలికి వేలెడు చోటు కూడా మిగల్లేదు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డెక్కాం. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీ. పాత బండ్ల గొప్పతనం గురించి వెనక్కి తిరిగి తిరిగి చెబుతున్నాను. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కాం. నడిమికి రాగానే బండి రెండు ఎక్కిళ్లు పెట్టింది, ఆగిపోయింది. టైమ్ తొమ్మిదీ పది.

రెండు నిమిషాలమ్మా అన్నాను. బండి పక్కకు తీసి, స్పానరు పట్టుకుని ప్లగ్ విప్పాను. చేతులు కాల్చుకుని, తుడిచి, చూసి, ఏమీ అర్థం కాకపోయినా ఊఁ అని మళ్లీ బిగించాను. ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. కిక్ కొడితే లేచింది. నా చెయ్యి పడితే ఊరికే పోతుందా అనుకున్నాను. వంద గజాలు కూడా పోకుండా మళ్లీ ఆగింది.

అప్పుడు ఆ అమ్మాయి ట్యాంకు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అంకుల్, ఈ మూతకు గాలి పోయే బొక్క ఉంటదా? మా దుకాణంల నూనె డబ్బకు రెండు బొక్కలు కొడ్తం. ఒక్కటే కొడితే నూనె ఆగి ఆగి వస్తది, ఇంకింత సేపటికి రానే రాదు. ఒక్కసారి మూత తీసి చూడుండ్రి."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం మీద నాకే కొట్టుకోవాలనిపిస్తుంది. ఇది నూనె డబ్బా కాదమ్మా, ట్యాంకు నిండా పెట్రోలుంది, పొద్దున నేనే పోయించాను, లోపం కార్బొరేటర్లో ఉంది అన్నాను. రెండు నిమిషాలు అని మళ్లీ అన్నాను.

కార్బొరేటర్ అడుగున ఒక మర ఉంటుంది. అది విప్పితే అందులో చేరిన చెత్త కారిపోతుందని మెకానిక్ దగ్గర చూసి నేర్చుకున్నాను. విప్పాను. ఆ మర చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది. కళ్లజోడు తుడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. ఆ అమ్మాయి కూడా వంగి వెతికింది, హాల్ టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని. మధ్యలో లేచి రెండు ఆటోలకు చెయ్యి ఎత్తింది. ఫ్లైఓవర్ మీద ఎవడు ఆపుతాడు? ఎవరినైనా లిఫ్ట్ అడుగుతానంది. ఎందుకమ్మా, అయిపోయింది, రెండు నిమిషాలు అన్నాను. మూడోసారి. పెద్దవాణ్ని కదా, నిలబడింది.

మర దొరికింది, బిగించాను, కిక్ కొట్టాను. కొడుతూనే ఉన్నాను. తొమ్మిదీ నలభై అయింది.

ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా బండి తాళం చెవి తీసుకుంది. మూతకు పెట్టి తిప్పింది. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. జడలోని పిన్ను తీసి బొట్టు పెళ్లలోకి గుచ్చింది. ఎర్రటి పొడి రాలింది, కింద సన్నని రంధ్రం బయటపడింది. ఇరవై ఏడేళ్లు నా కళ్లముందున్న బండికి అక్కడ రంధ్రం ఉందని నాకు తెలియదు. రెండో కిక్కుకు బండి లేచింది.

తర్వాత ఎక్కడా ఆగలేదు. నేను జీవితంలో అంత వేగంగా నడపలేదు.

మేం వెళ్లేసరికి గేటు మూసి మూడు నిమిషాలైంది. ఆ అమ్మాయి ఊచల మధ్య నుంచి హాల్ టికెట్ పట్టుకుని నిలబడింది. నేను గేటు దగ్గరి కానిస్టేబుల్‌కు కార్బొరేటర్ గురించి చెప్పాను. అవును, అప్పుడు కూడా కార్బొరేటర్ అనే చెప్పాను. అతను ఓపికగా విని, చేతిలో ఏం లేదు సార్ అన్నాడు. లోపల బెల్లు కొట్టారు. ఆ బెల్లు ఆగేదాకా ఆ అమ్మాయి ఊచలు వదల్లేదు. తర్వాత హాల్ టికెట్‌ను కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని నా వైపు తిరిగింది. ఇంటికి పోదాం అంకుల్ అంది.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి చెప్పింది, "ట్రాఫిక్ ఆంటీ. మస్తు జామ్ ఉండె." మెట్లెక్కి డాబా మీదికి వెళ్లిపోయింది. ఆదివారం పొద్దున ఏం ట్రాఫిక్ అని మా ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. సిగ్గేసింది. అంతకన్నా, తప్పించుకున్నానన్న ఊరట కలిగింది. ఆ ఊరటకే ఎక్కువ సిగ్గుపడాలి.

ఆ పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి గది ఖాళీ చెయ్యలేదు. పొద్దున్నే లైబ్రరీకి వెళుతుంది, కనిపిస్తే బాగున్నరా అంకుల్ అంటుంది. నేను డాబా మీదికి ఉపన్యాసాలకు వెళ్లడం మానేశాను. బండి మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. పాత బండ్లంటే ఇలా ఉండాలని ఇంజనీరు గారు మెచ్చుకున్నారు.

దసరా వచ్చింది. మూత మీది పెళ్లను అప్పటికే గోకి తీసేశాను, కొత్త ముద్ద కలపలేదు. మా ఆవిడే పళ్లెంలో గంధం, కుంకుమ తెచ్చి, మీ బొట్టేదండీ, చెరిగిపోయిందే అంటూ మూత మీదికి వేలు చాపింది. బండి పక్కన పూలు గుచ్చుతున్న ఆ అమ్మాయి చప్పున ఆ చెయ్యి పట్టుకుంది.

"అక్కడ వద్దు ఆంటీ. ముందర లైటుకు పెట్టుండ్రి."

మా ఆవిడ ఆ అమ్మాయిని చూసింది, మూతను చూసింది, నన్ను చూసింది. ఆ అమ్మాయి తల వంచుకుని పూలు గుచ్చుతోంది. ఇంకా నన్ను కాపాడుతోంది.

ఆ రోజు ట్రాఫిక్ లేదు అన్నాను. అంతా చెప్పాను, ఫ్లైఓవరూ, మరా, నూనె డబ్బా, నా నవ్వూ. మా ఆవిడ పళ్లెం సీటు మీద పెట్టి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

హెడ్‌లైటుకు నేనే బొట్టు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, తొక్కించాలి కదా. కిక్ కొట్టాను. మొదటి కిక్కుకే బండి లేచింది.