చప్పుడు చేసే ఫ్యానే కావాలి

చెవిబావ కళ్ళు చెప్పింది నమ్మడు. చెవి ఆనించి వింటేగానీ ఏ వస్తువునీ ఇంట్లోకి రానివ్వడు. బీరువా కొనడానికి వెళ్తే లోపల దూరి తలుపు వేయించుకుని మరీ విన్నాడు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే, "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి" అని తన గుండె తానే విని, "పరవాలేదు, బండి నడుస్తోంది" అంటూ తిరిగిచ్చేశాడు. ఆ పేరు పెట్టింది ఆయన బావమరిది. ఆయనతో బజారుకి వెళ్ళి తలెత్తుకు తిరిగొచ్చిన రోజు పాపం ఆ బావమరిదికి ఒక్కటీ లేదు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక చెవిబావ అత్తగారు మూడు నెలలుందామని కూతురింటికి వచ్చింది. పది రోజులకే సంచి సర్దింది. "ఇక్కడ నాకు గాలి ఆడటం లేదు, పంపించెయ్యండి." తన ఇంటికి వెళ్తే ఇరవై రెండు మేడమెట్లు, చూసే మనిషి లేరు. కొడుకు, అదే మన బావమరిది, ఉద్యోగం పేరుతో నెలకి ఇరవై రోజులు ఊళ్ళమీదే. పైగా ఆవిడ మంచినీళ్ళు ముట్టడం మానేసింది. గ్లాసు ఇస్తే పెదవి తడుపుకుని పక్కన పెట్టేది. డాక్టరు కేకలేశాడు కూడా.

"గాలే కదా, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిద్దాం" అన్నాడు చెవిబావ.

"అమ్మ పడుకునేది గదిలో, ఫ్యాను బాత్రూములోనా? బాగుంది మీ వైద్యం" అంది భార్య. "సరే, చప్పుడు లేనిది తెండి. ఆ బాత్రూము తలుపు హాల్లోకే ఏడిసింది."

కొట్లో బావమరిది అక్క మాట అప్పజెప్పాడు. కొట్టతను ఒకటి వేసి చూపించాడు. చెవిబావ చెవి ఆనించి పెదవి విరిచాడు.

"ఇది బతికే ఉందా?"

"అదే దీని గొప్పండీ."

"ఇంకోటి."

ఆరో ఫ్యాను వేసేసరికి ఏం కూలిందోనని పక్కకొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. చెవిబావ మొహం వెలిగిపోయింది.

"బావా, ఇది పిండిమర. అక్క మనిద్దర్నీ గడప తొక్కనివ్వదు."

"నువ్వు డబ్బా పట్టుకో."

ఎలక్ట్రీషియన్ వెంటిలేటర్ అద్దాలు తీసి, చెక్క బిగించి, స్క్రూల కింద రబ్బరు వాషర్లు వేశాడు.

"అవి తీసెయ్."

"తీస్తే అదురుతుందండీ."

"అదరనీ."

"నా పనికి చెడ్డపేరండీ."

"నీ పేరు నేనెవరికీ చెప్పనులే. స్విచ్చు విడిగా వద్దు, లైటుకే కలిపెయ్. లైటు వేస్తే ఇదీ మోగాలి."

అంతటితో ఊరుకున్నాడా? బావమరిదిని లోపలికి తోసి, లైటు వేసి, తలుపేసి, తను హాల్లో సోఫాలో చేరాడు. "చెంబుతో నీళ్ళు పొయ్" అని అరిచాడు. కాసేపటికి లేచొచ్చి, "వినపడుతోంది. ఇంకో వాషరు ఉన్నట్టుంది" అన్నాడు. ఉంది. ఎలక్ట్రీషియన్ దండం పెట్టి అదీ తీసేశాడు. మళ్ళీ తలుపు, మళ్ళీ సోఫా. ఈసారి "దగ్గు" అని అరిచాడు.

కాసేపటికి బావమరిది విసిగి బయటికొచ్చాడు.

"దగ్గమన్నాను కదా" అన్నాడు చెవిబావ.

"రెండుసార్లు దగ్గాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"అయితే సరిపోయింది."

సాయంత్రం రోజూలాగే హాలు నిండా చెవిబావ పేకాట నేస్తాలు. అత్తగారు చేతికర్రతో లేచి, హాలుకేసి ఓసారి చూసి, బాత్రూము లైటు వేసింది. ఇల్లంతా దద్దరిల్లింది. ఆట ఎవరిదో అరిచి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆవిడ వెళ్ళిందీ వచ్చిందీ ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

"ఈ మోతకి అమ్మ రేపే బయల్దేరుతుంది" అంది భార్య, వంటింట్లోంచి.

బావమరిదికి అప్పుడు వెలిగింది, తనచేత చెంబెడు నీళ్ళు ఎందుకు పోయించాడో. ఆయన చెవి దగ్గర చేరి, "నీకెలా తెలిసింది బావా?" అన్నాడు.

"పాపం మీ అమ్మ, లోపలికెళ్తే హాల్లోకి వినపడుతుందని కుళాయి ధారగా వదిలేసేది. బకెట్టు పొర్లినా కట్టేది కాదు. పది రోజులూ విన్నాను." ముక్క పడేశాడు. "మీ అక్కకి చెప్పకు."

అత్తగారు కుర్చీలో స్థిమితపడింది. "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు ఇయ్యి. గ్లాసు కాదు, చెంబే తే." చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "గాలి హాయిగా ఉంది అల్లుడుగారూ" అంది.

"ఆఁ? ఏమన్నారు అత్తయ్యగారూ?" అన్నాడు చెవిబావ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆవిడ నవ్వింది. లైటు కట్టడం మరిచిపోయింది మరి.